రాబర్ట్ స్మాల్స్: ఓడ కథ సరే, ఎమ్మెల్యేగా ఏం చేశాడు? లంచం కేసు సంగతేంటి?

కరోలినా_కాకి
మేము ఉండేది సౌత్ కరోలినాలో. ఇక్కడ ఎనిమిదో క్లాసులో రాష్ట్ర చరిత్ర చెబుతారు. మా అమ్మాయికి రాబర్ట్ స్మాల్స్ మీద ప్రాజెక్టు ఇచ్చారు. నా చిరాకు ఏంటంటే, ఎక్కడ వెతికినా ఓడ కథే. 1862లో, అమెరికా అంతర్యుద్ధంలో, బానిసగా ఉంటూనే కాన్ఫెడరేట్ల (విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల) ఓడని ఎత్తుకెళ్లి యూనియన్ (ఉత్తరాది ప్రభుత్వ) నేవీకి అప్పగించాడు, శభాష్, అయిపోయింది. అప్పటికి ఆయనకి 23 ఏళ్లు. ఆ తర్వాత 1915 దాకా బతికాడు. అంత జీవితానికీ "తర్వాత రాజకీయాల్లో చేరాడు" అని ఒక్క లైను.

1868 నుంచి 1875 దాకా రాష్ట్ర చట్టసభలో ఉన్నాడట. ముందు దిగువ సభ, తర్వాత సెనేట్. అక్కడ ఏం చేశాడు? ఇంకోచోట "లంచం కేసులో శిక్ష పడింది" అని ఉంది, అదీ ఒక్క లైనే. పిల్లేమో "నాన్నా, ఇది రాయాలా వద్దా" అంటోంది. తెలిసినవాళ్లు చెప్పండి. ఓడ కథ మాత్రం మళ్లీ మొదలెట్టొద్దు, దండం పెడతా.

బుల్లెట్_బాబ్జీ
నాకు ఓడ కథ తెలీదు. మొదలెట్టండి.

కరోలినా_కాకి
అనుకున్నా.

సరంగు_మామయ్య
కాకిగారూ, తిట్టుకోకండి, ఒక్కసారి చెప్పేసి పక్కకి తప్పుకుంటా. కాకినాడ రేవులో టగ్గుల మీద చేసి రిటైరైనవాణ్ణి, ఈ కథ వదల్లేను.

ఓడ పేరు ప్లాంటర్. పత్తి మోసే స్టీమరు, చార్లెస్టన్‌లో కాన్ఫెడరేట్ సైన్యం అద్దెకి పెట్టుకుంది. స్మాల్స్ చుక్కాని పట్టేవాడు. చేసేది పైలట్ పనే, కానీ బానిసకి ఆ హోదా ఇవ్వరు కాబట్టి వీల్‌మ్యాన్ అనేవాళ్లు. రేవులో ఎక్కడ లోతుందో, ఎక్కడ ఇసుక మేట వేసిందో, ఏ కోట ముందు ఏ ఈల వెయ్యాలో అన్నీ ఆయనకి కంఠతా. మే 12 రాత్రి తెల్ల ఆఫీసర్లు రూల్సుకి విరుద్ధంగా ఓడ వదిలేసి ఇళ్లకి పోయారు. వీళ్లు పొయ్యి రాజేసి, ఇంకో రేవులో దాక్కున్న పెళ్లాం పిల్లల్ని ఎక్కించుకుని బయల్దేరారు. మొత్తం 16 మంది. స్మాల్స్ కెప్టెన్ గారి గడ్డి టోపీ పెట్టుకుని, ఆయనలాగే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఫోర్ట్ సమ్టర్ ముందు తెల్లవారుజామున ఈల వేశాడు. వాళ్లు పొమ్మన్నారు. ఫిరంగుల రేంజి దాటాక కాన్ఫెడరేట్ జెండా దించి దుప్పటి ఎగరేశాడు. ఆన్‌వార్డ్ అనే యూనియన్ ఓడ అప్పటికే కాల్పులకి సిద్ధమైపోయింది, దుప్పటి చూసి ఆగింది.

ధైర్యం గురించి అందరూ రాస్తారు. నన్నడిగితే అసలు గొప్ప, కంగారుపడి స్పీడు పెంచకపోవడం. రోజూ వెళ్లే వేగంతోనే కోట ముందునుంచి పోయాడు. మామూలు వాడైతే అక్కడ దొరికిపోయేవాడు.

బుల్లెట్_బాబ్జీ
మామయ్యా, రోమాలు లేచాయి. ఇక కాకిగారి ప్రశ్నకి ఎవరైనా జవాబివ్వండి.

పాత_పేపర్లు
నేను మొదలెడతా. కొంచెం పెద్దదవుతుంది.

ముందు ఊరు. బ్యూఫర్ట్. సముద్రం పక్కన దీవులు, వరి, సన్న పత్తి. జనంలో అత్యధికులు బానిసలు, వాళ్ల భాష గుల్లా. 1861 నవంబరులో యూనియన్ నేవీ పోర్ట్ రాయల్ పట్టుకోగానే తెల్ల దొరలు ఊళ్లు వదిలి పారిపోయారు. అంటే యుద్ధం ఇంకా మూడేళ్లకి పైగా ఉండగానే అక్కడివాళ్లకి దొరలు లేరు. బళ్లు పెట్టుకున్నారు, భూములు కొనుక్కున్నారు. స్మాల్స్ పుట్టింది ఆ ఊళ్లోనే, 1839లో, హెన్రీ మెక్కీ అనే దొర ఇంటి వెనక పాకలో. 12 ఏళ్లకి చార్లెస్టన్‌కి కూలికి పంపారు. కూలి డబ్బు దొరకి, అందులో వారానికి ఒక డాలరు ఈయనకి. హోటల్లో పని, వీధి దీపాలు వెలిగించడం, రేవులో మూటలు, తెరచాపలు కుట్టడం, చివరికి చుక్కాని.

యుద్ధం అయ్యాక బ్యూఫర్ట్‌కే తిరిగొచ్చాడు. ఆయన రాజకీయ బలమంతా అదే. తన ఓటర్లతో గుల్లాలో మాట్లాడే నాయకుడు. బయటినుంచి వచ్చి దిగిన మనిషి కాదు.

1868 జనవరిలో చార్లెస్టన్‌లో కొత్త రాజ్యాంగం రాయడానికి సభ కూర్చుంది. 124 మంది ప్రతినిధులు, వాళ్లలో 76 మంది నల్లవాళ్లు. స్మాల్స్ అందులో ఒకడు. రాష్ట్రమంతటా పిల్లలందరికీ ఉచిత బడులు ఉండాలి, పంపడం తప్పనిసరి చెయ్యాలి అని తీర్మానం పెట్టింది ఆయనే. 1834లో ఇదే రాష్ట్రం బానిసకి చదువు నేర్పడం నేరమని చట్టం చేసింది. ఆ లెక్కన 34 ఏళ్లు. స్మాల్స్‌కి స్వయంగా చదువు రాదు, ఓడ రిపేరుకి ఫిలడెల్ఫియాలో ఉన్న నెలల్లో, 1864లో, ట్యూటర్లని పెట్టుకుని నేర్చుకున్నాడు. అంతకుముందు సౌత్ కరోలినాలో తెల్ల పేద పిల్లలకి కూడా సరైన ప్రభుత్వ బడుల వ్యవస్థ లేదు. ఆ రాజ్యాంగం అందరికీ పెట్టింది.

కాకిగారూ, మీ అమ్మాయి ఈరోజు ఉచితంగా వెళ్తున్న బడికి మూలం ఆ సభలోనే ఉంది. ప్రాజెక్టు అక్కడ మొదలెట్టమనండి.

మీనా_టీచర్
పేపర్లుగారు చెప్పిన "తప్పనిసరి" అన్న ముక్క దగ్గర సభలో పెద్ద గొడవ జరిగింది. పిల్లల్ని బడికి పంపకపోతే తల్లిదండ్రుల్ని శిక్షిస్తారా అని కొందరు, నల్ల తెల్ల పిల్లల్ని బలవంతంగా ఒకే బల్ల మీద కూర్చోబెడతారా అని కొందరు. చివరికి బడులు రంగు తేడా లేకుండా అందరికీ తెరిచి ఉంటాయని రాశారు. ఆచరణలో చాలాచోట్ల విడివిడిగానే నడిచాయి, అది వేరే సంగతి. యూనివర్సిటీ మాత్రం 1873 నుంచి 1877 దాకా ఇద్దరికీ కలిపే నడిచింది.

మా బడిలో హాజరు పట్టీ రాస్తూ, రానివాళ్ల ఇళ్లకి వెళ్లి బతిమాలి తెచ్చే ఉద్యోగం నాది. కాబట్టి "తప్పనిసరి" అని అడిగినవాడి మీద నాకు అభిమానం ఉంటుంది, ముందే ఒప్పుకుంటున్నా.

ఎగస్పార్టీ
తీర్మానం పెట్టడం తేలిక టీచర్ గారూ. అందరూ దేవుణ్ణి చేసేస్తున్నారు. నా ప్రశ్నలు రెండు. ఒకటి, నిన్నటిదాకా వారానికి డాలరు కూలి తిన్నవాడు పాత దొర ఇల్లే ఎలా కొన్నాడు? రెండు, 5,000 డాలర్ల లంచం. ముందు వీటికి చెప్పండి.

పలాస_పిల్ల
వచ్చాడండీ ఆడిటర్.

లాయర్_లింగం
ఎగస్పార్టీ గారి మొదటి ప్రశ్నకి కోర్టు తీర్పే ఉంది.

యూనియన్ ప్రభుత్వం యుద్ధ ఖర్చుకి భూమి మీద పన్ను వేసింది. పారిపోయిన దొరలు కట్టలేదు. ఆస్తులు వేలానికొచ్చాయి. స్మాల్స్ ఆ వేలంలో ఇల్లు పాడుకున్నాడు. డబ్బెక్కడిదంటారా, ప్లాంటర్‌ని పట్టి ఇచ్చినందుకు కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, చట్టం చేసి ఇచ్చిన బహుమతిలో ఆయన వాటా 1,500 డాలర్లు. తర్వాత యూనియన్ ఓడల మీద పైలట్ జీతం. 1863 చివర్లో ప్లాంటర్ మీద కాల్పులు జరుగుతుంటే తెల్ల కెప్టెన్ బొగ్గు గదిలో దాక్కున్నాడు, స్మాల్స్ చుక్కాని వదలకుండా ఓడని బయటపడేశాడు. ఆ కెప్టెన్ని తీసేసి ఈయన్ని కెప్టెన్ చేశారు. జీతం ఇంకా పెరిగింది.

ఆ ఇంటిని మెక్కీ యుద్ధానికి ముందే డి ట్రెవిల్ అనే ఆయనకి అమ్మాడు. ఆయన వేలం చెల్లదని దావా వేసి అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 1878లో కోర్టు స్మాల్స్ వైపే తీర్పిచ్చింది. ఆ తీర్పుతో ఆయన ఒక్క ఇల్లే కాదు, ఆ వేలాల్లో కొనుక్కున్న వందలాది నల్ల కుటుంబాల పట్టాలు కూడా నిలబడ్డాయి. అక్కడివాళ్లు ఓట్లు ఎందుకు వేశారో ఇందులో కొంత తెలుస్తుంది.

అట్లాంటా_అత్తగారు
ఆ ఇల్లు నేను చూశాను. మా అబ్బాయి కార్లో తీసుకెళ్లాడు, ప్రిన్స్ స్ట్రీట్. వేరేవాళ్లు ఉంటున్నారు కాబట్టి రోడ్డు మీదనుంచే చూడాలి. పెద్ద వరండా, తెల్ల స్తంభాలు. ఊళ్లో టేబర్నకల్ బాప్టిస్ట్ చర్చి ఆవరణలో సమాధి, విగ్రహం ఉన్నాయి. ఇంకో సంగతి చెప్పారు, మెక్కీ దొరసాని ముసలితనంలో మతి తప్పి ఆ ఇంటికి వచ్చేస్తే స్మాల్స్ ఆవిణ్ణి పొమ్మనకుండా ఆవిడ పాత గదిలోనే ఉండనిచ్చాడట.

ఎగస్పార్టీ
అత్తగారూ, ఇది మరీ మన సినిమాల్లో క్లైమాక్సులా ఉంది.

పాత_పేపర్లు
అది వాళ్ల కుటుంబంలో తరతరాలుగా చెప్పుకున్న కథ. కథగానే రాయమనండి. అది లేకపోయినా ఈయన జీవితానికి లోటేం లేదు.

బుల్లెట్_బాబ్జీ
చిన్న డౌటు. రాష్ట్ర చట్టసభ అంటే మన అసెంబ్లీ లాంటిదేనా? నల్లవాళ్లు అంతమంది ఎలా గెలిచారు అప్పట్లో?

పాత_పేపర్లు
అలాంటిదే బాబ్జీ. దిగువ సభ, సెనేట్ రెండూ కొలంబియాలో కూర్చునేవి. ఆ రాష్ట్ర జనాభాలో నల్లవాళ్లే ఎక్కువ. 1867లో కాంగ్రెస్ చట్టంతో నల్ల మగవాళ్లకి ఓటు రాగానే దిగువ సభలో వాళ్ల మెజారిటీ వచ్చింది. అమెరికాలో ఆ కాలంలో ఇంకే రాష్ట్రంలోనూ అలా జరగలేదు. స్మాల్స్ 1868లో దిగువ సభకి, 1870లో సెనేట్‌కి.

సభ చేసిన పెద్ద పనుల్లో భూమి కమిషన్ ఒకటి, 1869లో. ప్రభుత్వం తోటలు కొని, ముక్కలు చేసి, భూమిలేనివాళ్లకి వాయిదాల మీద అమ్మింది. గ్రీన్‌వుడ్ దగ్గర ప్రామిస్డ్ ల్యాండ్ అని ఇప్పటికీ ఆ పేరుతో ఊరుంది. కమిషన్‌లో అవినీతి కూడా బాగానే జరిగింది, దాచక్కర్లేదు. స్మాల్స్ వాటా బళ్లు, పౌరహక్కుల బిల్లులు. తన జిల్లా పనులు సరేసరి. ఇవి సినిమాకి పనికిరావు, అందుకే ఎవరూ రాయరు.

ఎగస్పార్టీ
అవినీతి అన్న మాట మీ నోటే వచ్చింది. ఆ సభలో స్పీకర్ మోజెస్ గుర్రప్పందెంలో వెయ్యి డాలర్లు ఓడిపోతే, సభ ఆయనకి "సమర్థంగా నడిపినందుకు" వెయ్యి డాలర్ల బహుమానం ఓటేసి ఇచ్చిందని చెప్పుకుంటారు. తర్వాత ఆయనే గవర్నరయ్యాడు. ఇక ప్రింటింగ్ కాంట్రాక్టులు. సెనేట్ గుమాస్తా జోసెఫస్ ఉడ్రఫ్ అనేవాడే ప్రింటింగ్ కంపెనీ నడిపాడు. సెనేట్ ప్రింటింగ్ కమిటీకి ఛైర్మన్ ఎవరు? మన హీరో. 5,000 ఎవరు పుచ్చుకున్నారని కేసు? మన హీరోనే. జ్యూరీ దోషి అంది. మూడేళ్ల శిక్ష వేశారు. ఇంకేం కావాలి?

పలాస_పిల్ల
గుర్రప్పందెం స్పీకర్ 😂 ఆయన మీద వేరే థ్రెడ్ తెరవండి.

లాయర్_లింగం
ఇంకేం కావాలో చెబుతా. తేదీలు కావాలి.

లంచం తీసుకున్నాడన్నది 1873 సంగతి. కేసు పెట్టింది 1877లో. ఈ మధ్యలో ఏం జరిగింది? 1876 ఎన్నికలు. జులైలో హాంబర్గ్ అనే ఊళ్లో నల్ల మిలీషియా వాళ్లని పట్టుకుని కాల్చి చంపారు. రెడ్ షర్ట్స్ అని తుపాకులతో గుర్రాల మీద తిరిగే డెమోక్రాట్ల (పాత దొరల పార్టీ) దండు రిపబ్లికన్ (స్మాల్స్ వాళ్ల పార్టీ) సభలన్నిటికీ వచ్చి కూర్చుంది. డెమోక్రాట్ వేడ్ హాంప్టన్ గవర్నరయ్యాడు. 1877లో ఫెడరల్ (కేంద్ర) సైన్యం వెనక్కి పోయింది. ఆ వెంటనే కొత్త సభ పాత సభ అక్రమాల మీద విచారణ కమిటీ వేసింది. అప్పటికి స్మాల్స్ వాషింగ్టన్‌లో కాంగ్రెస్ సభ్యుడు.

ముఖ్య సాక్షి ఎవరు? ఎగస్పార్టీ గారు చెప్పిన ఆ ఉడ్రఫే. దొంగ బిల్లులు పెట్టినవాడు రాష్ట్రం వదిలి పారిపోయాడు, పట్టుకొచ్చారు, అప్రూవర్‌గా మారాడు. తన మెడ తప్పించుకోవడానికి ఇంకొకరి పేరు చెప్పిన సాక్షిని ఎంత నమ్మాలో కోర్టుల్లో తిరిగినవాళ్లకి తెలుసు. నా సర్వీసులో అప్రూవర్లని బాగానే చూశాను. నిజం చెప్పినవాళ్లూ ఉన్నారు. కానీ అందరూ పోలీసులకి ఎవరు కావాలో ముందు కనుక్కునే నోరు విప్పారు.

అంత పెద్ద కమిటీ, అన్ని పేర్లు బయటపెట్టి, చివరికి విచారణ జరిపింది ముగ్గురి మీద. స్మాల్స్, ట్రెజరర్ ఫ్రాన్సిస్ కార్డోజో, కార్పెంటర్ అనే తెల్ల రిపబ్లికన్. మిగతావి ఏమయ్యాయి? బేరానికి దాచుకున్నారు. 1876, 1878 ఎన్నికల్లో హింస చేసిన డెమోక్రాట్ల మీద ఫెడరల్ కేసులు ఉన్నాయి. అవి వదిలేస్తే ఇవి వదిలేస్తామన్నారు. 1879లో గవర్నర్ సింప్సన్ స్మాల్స్‌కి క్షమాభిక్ష ఇచ్చాడు. నిజంగా ఖజానా దోచాడని నమ్మితే, అదీ తమ బద్ధశత్రువుని, అంత తేలిగ్గా వదులుతారా?

ఎగస్పార్టీ
వదిలారంటే నిర్దోషి అని కాదుగా. క్షమాభిక్ష దోషికే ఇస్తారు. పైగా ఉడ్రఫ్ నోటిమాట ఒక్కటే కాదు, చెక్కు, బ్యాంకులో జమ అయిన లెక్క కూడా చూపించారు. రాజకీయ కక్ష ఉండొచ్చు, లంచమూ ఉండొచ్చు. రెండూ ఒకేసారి ఉండవని ఎవరన్నారు? మనవైపు ఎన్ని చూడలేదు.

లాయర్_లింగం
ఆ చివరి మాట ఒప్పుకుంటా. తీసుకోలేదని నేను రాయను, రాయలేను. ఆ విచారణ న్యాయంగా జరగలేదని మాత్రం రాస్తా. జ్యూరీలో ఎవరిని కూర్చోబెట్టాలన్నది కూడా అప్పటికి ఎవరి చేతిలో ఉందో చూడండి.

మీనా_టీచర్
కాకిగారూ, మీ అమ్మాయిని రెండూ రాయమనండి. శిక్ష పడిందని రాయాలి. ఎప్పుడు, ఎవరి సాక్ష్యంతో, ఎలా ముగిసిందో కూడా రాయాలి. దాచేస్తే క్లాసులో ఏ పిల్లో లేచి అడుగుతుంది, అప్పుడు ఇబ్బంది.

కరోలినా_కాకి
థాంక్స్ టీచర్ గారూ, లింగం గారూ. ఎగస్పార్టీ గారికి కూడా, మీరు అడగకపోతే ఇంత వచ్చేది కాదు. పిల్ల ఇప్పుడు "శిక్ష పడ్డాక ఎన్నికల్లో మళ్లీ గెలిచాడా" అంటోంది.

సరంగు_మామయ్య
గెలిచాడమ్మా. గెలిపించారు అనాలి. 1878లో కాంగ్రెస్ ఎన్నికల్లో ఓడించారు. ఆ ప్రచారంలో గిలిసన్‌విల్ అనే ఊళ్లో రెడ్ షర్ట్స్ ఆయన్ని ఒక దుకాణంలో చుట్టుముట్టారు. చుట్టుపక్కల పొలాల్లోంచి మగా ఆడా చేతికందింది పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. అది చూసి రౌతులు జారుకున్నారు.

పాత_పేపర్లు
1880లో మళ్లీ నిలబడ్డాడు. ఎదురుగా జార్జి టిల్మన్. లెక్కలో టిల్మన్ గెలిచాడన్నారు. స్మాల్స్ కాంగ్రెస్‌లో ఫిర్యాదు పెట్టి, సాక్ష్యాలు చూపించి, 1882 జులైలో సీటు దక్కించుకున్నాడు. పదవీకాలం దాదాపు అయిపోవచ్చాక! తర్వాత 1884లో కూడా కాంగ్రెస్‌కి వెళ్లాడు, 1887 దాకా.

ఓట్లు తగ్గించడానికి 1882లో పెట్టిన పద్ధతి చూడండి. ఒక్కో పదవికి ఒక్కో పెట్టె, ఎనిమిది పెట్టెలు. ఏ కాగితం ఏ పెట్టెలో వెయ్యాలో చదివి తెలుసుకోవాలి. తప్పు పెట్టెలో పడితే ఓటు చెల్లదు. బడి ఎందుకు కావాలని స్మాల్స్ 1868లోనే పట్టుబట్టాడో ఇప్పుడు అర్థమవుతుంది. చదువు రాకపోవడాన్ని వాళ్లు ఆయుధం చేసుకున్నారు.

బుల్లెట్_బాబ్జీ
ఎనిమిది పెట్టెలా!! మా తాత ఒక్క బ్యాలెట్ పేపరు తిన్నగా మడవలేక రెండు గుర్తుల మీద మచ్చ పడేసేవాడు.

పలాస_పిల్ల
జార్జి టిల్మన్ అంటే ఆ బెన్ టిల్మన్‌కి ఏమవుతాడు? పిచ్‌ఫోర్క్ బెన్ అని విన్నట్టు గుర్తు.

పాత_పేపర్లు
స్వయానా అన్న. అన్నతో 1880లో, తమ్ముడితో 1895లో. ఈ రెండో గొడవే నాకు ఓడ కథ కంటే ఇష్టం.

1895లో మాజీ గవర్నర్ బెన్ టిల్మన్ కొత్త రాజ్యాంగం కోసం సభ పెట్టించాడు. నల్లవాళ్ల ఓటు తీసెయ్యడమే ఉద్దేశం, దాచుకోలేదు కూడా. 160 మంది ప్రతినిధుల్లో నల్లవాళ్లు ఆరుగురు, అందులో అయిదుగురు బ్యూఫర్ట్ నుంచే. 1868లో 76. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి మీ అమ్మాయి పోస్టర్ మీద రాస్తే చాలు, చూసినవాళ్లకి మొత్తం అర్థమైపోతుంది. రెండు సభల్లోనూ కూర్చున్న కొద్దిమందిలో స్మాల్స్ ఒకడు.

నిబంధన ఏమిటంటే, రాజ్యాంగంలో ఒక భాగం చదివి రాయగలగాలి, లేదా 300 డాలర్ల ఆస్తికి పన్ను కట్టి ఉండాలి. పరీక్ష పెట్టేది తెల్ల అధికారి. స్మాల్స్ లేచి మాట్లాడాడు. టిల్మన్ పాత లంచం కేసు తవ్వాడు. స్మాల్స్ దానికీ జవాబు చెప్పాడు. ఆ సందర్భంలో అన్న మాటలే ఇప్పుడు సమాధి దగ్గర చెక్కి ఉన్నాయి, అత్తగారు చూసే ఉంటారు. మా జాతికి ప్రత్యేకంగా వకాల్తా అక్కర్లేదు, ఈ దేశంలో వాళ్ల గత చరిత్రే వాళ్లు ఎవరికీ తీసిపోరని చెబుతుంది, బతుకు పోరాటంలో సమాన అవకాశం ఇస్తే చాలు అన్నాడు.

అట్లాంటా_అత్తగారు
అవును చూశాను. మా అబ్బాయి చదివి తెలుగులో చెప్పాడు. ఇంచుమించు ఇదే.

లాయర్_లింగం
పేపర్లుగారూ, అసలు మసాలా వదిలేశారు. అదే సభలో నల్లవాళ్లకీ తెల్లవాళ్లకీ పెళ్లిళ్లు నిషేధించే క్లాజు వచ్చింది. స్మాల్స్ సవరణ పెట్టాడు. నల్ల స్త్రీతో సంబంధం పెట్టుకున్న ఏ తెల్లవాడైనా పదవికి అనర్హుడు, ఆ పిల్లలకి తండ్రి ఇంటిపేరు, ఆస్తిలో వాటా రావాలి అని. సభ గందరగోళమైపోయింది. ఎందుకో చెప్పక్కర్లేదు. ఆమోదిస్తే అక్కడ కూర్చున్నవాళ్లలో ఎంతమంది సీట్లు ఖాళీ చెయ్యాలో వాళ్లకే తెలియాలి. ఓడిపోయింది, నెగ్గుతుందని ఆయన కూడా అనుకుని ఉండడు. వాళ్ల నోరు మూయించాలన్నది ఉద్దేశం. స్మాల్స్ సొంత తండ్రి ఎవరో తెల్లవాడే అని అందరూ అనుకునేవాళ్లు, కాబట్టి అది ఆయన నోట రావడంలో ఇంకా పదును ఉంది.

బుల్లెట్_బాబ్జీ
అబ్బ! ఇది కదా అసెంబ్లీ అంటే. మైకులు విరగ్గొట్టకుండానే.

ఎగస్పార్టీ
ఇది మాత్రం నాకూ నచ్చింది. లంచం సంగతి అలాగే ఉంచుకుని ఒప్పుకుంటున్నా.

మీనా_టీచర్
సంతకం సంగతి కూడా చెప్పండి.

పాత_పేపర్లు
చివర్లో అందరూ ఆ రాజ్యాంగం మీద సంతకం చెయ్యాలి. చెయ్యనివాళ్లకి దారి ఖర్చులు రావని అన్నారట. సంతకం పెట్టేకన్నా బ్యూఫర్ట్‌కి నడుచుకుంటూ పోతానని స్మాల్స్ జవాబు. కొలంబియా నుంచి నూరు మైళ్ల పైమాటే. పెట్టలేదు.

ఆ తర్వాత ఓటు పోయింది, సభలూ పోయాయి. ఆయన బ్యూఫర్ట్ రేవులో కస్టమ్స్ కలెక్టరుగా ఉన్నాడు, మధ్యలో కొన్నేళ్లు తప్ప చాలాకాలం. అది వాషింగ్టన్ ఇచ్చే ఉద్యోగం కాబట్టి టిల్మన్ తీయలేకపోయాడు. ఆ రాష్ట్ర సభలో మళ్లీ నల్లవాళ్లు ఎన్నికైంది 1970లో. కాంగ్రెస్‌కి 1992 ఎన్నికల్లో జేమ్స్ క్లైబర్న్.

సరంగు_మామయ్య
రేవులోనే మొదలు, రేవులోనే ఉద్యోగం. నేవీ 2023లో ఒక పెద్ద యుద్ధనౌకకి ఆయన పేరు పెట్టింది తెలుసా? అంతకుముందు దాని పేరు చాన్సలర్స్‌విల్. కాన్ఫెడరేట్లు గెలిచిన యుద్ధం పేరది.

కరోలినా_కాకి
మామయ్యా, చివరికి మళ్లీ ఓడ దగ్గరికే తెచ్చారు 🙏 ఒక్క డౌటు మిగిలింది. 1895 రాజ్యాంగాన్ని తర్వాత తీసేసి కొత్తది రాసుకున్నారా?

లాయర్_లింగం
లేదు. సౌత్ కరోలినాలో ఇప్పటికీ అదే. ఓటు నిబంధనలు, వేరు బడుల క్లాజు లాంటివి పోయాయి, సవరణలు లెక్కలేనన్ని. పుస్తకం మాత్రం 1895దే. మీరు అక్కడ ఇల్లు కొన్నా, బండి మీద పన్ను కట్టినా దాని కిందే.

ఇంకో విడ్డూరం. 1868 రాజ్యాంగం ఆ రాష్ట్రంలో మొదటిసారి విడాకులకి దారి తెరిచింది. 1878లో ఆ చట్టం రద్దుచేశారు. 1895లో ఏకంగా రాజ్యాంగంలోనే విడాకులు కుదరవని రాసేశారు.

బుల్లెట్_బాబ్జీ
అంటే కాకిగారు అక్కడ ఉన్నంతకాలం పెళ్లాంతో గొడవ పెట్టుకోకూడదన్నమాట.

లాయర్_లింగం
1949లో సవరించారు బాబ్జీ. గొడవ పెట్టుకోవచ్చు.